కోనాంకి ఉట్టి

మా పేటలో ఏ సంగతికైనా తిత్లీ తుఫానే గుర్తు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, తగువులు అన్నీ తుఫానుకి ముందు, తుఫానుకి తరవాత అని చెబుతారు. ఇది ఆ సంవత్సరమే, తుఫానుకి ముందు వేసవిలో జరిగింది. ఆ వేసవిలో మా మావ తిండి మానేశాడు.

మానేశాడంటే కంచం విసిరెయ్యడాలు, అలకలు ఏమీ లేవు. పెట్టిన కంచం ముందు బుద్ధిగా కూర్చునేవాడు. ఒక ముద్ద కలిపి, దాన్నే మళ్ళీ మళ్ళీ కలిపేవాడు. అత్త పొయ్యి వైపు తిరిగేసరికి కంచంలో చెయ్యి కడిగేసుకునేవాడు. "అయిపోనాదా?" అంటే "ఆఁ" అనేవాడు. మనిషి చిక్కిపోయి చొక్కా భుజాల మీంచి జారుతుండేది. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు అంటారే, అలా తయారయ్యాడు.

మావ పేరు లక్ష్ముడు, మా ఆయన తండ్రి. అంతకు ముందు చలికాలంలో వేట నుంచి ఒడ్డుకొస్తుంటే కెరటం తెప్పని ఎత్తి తిరగేసింది. తెప్ప ఆయన కాలి మీద పడింది. శ్రీకాకుళంలో కట్టు కట్టించాం. ఎముక అతుక్కుంది. శివరాత్రి నాటికి కర్రతో, ఉగాది నాటికి కర్ర లేకుండా కొంచెం కుంటుతూ నడిచాడు. కాలు బాగయింది గానీ మా అత్త కూర్మమ్మ భయం బాగవలేదు. కట్టు విప్పిన రోజే శ్రీకూర్మం వెళ్ళి స్వామి ఎదుట మొక్కేసుకుంది. ఈ మనిషి కాలు మళ్ళీ సముద్రపు నీళ్ళలో పెట్టనివ్వను, ఇంట్లో కూర్చోబెట్టి సాక్కుంటాను అని. మావని అడిగి మొక్కలేదు. ఆవిడ ఏదీ ఎవరినీ అడిగి చెయ్యదు.

అన్నంత పనీ చేసింది. వసారాలో నులక మంచం వేసింది. ఆయన చేతికి నీళ్ళ చెంబు, నోటికి అన్నం, వీపుకి విసనకర్ర. మావ మంచం మీంచి కాలు కింద పెడితే చాలు, లోపలి నుంచి కేక వినబడేది.

"కూకోవయ్యా, కూకో. నానున్నాను కదా. ఏటి కావాల?"

"ఏటొద్దు."

"మరెందుకు లెగుస్తన్నావు?"

ఆయన కాలు పైకి తీసుకుని మళ్ళీ కూర్చునేవాడు.

అత్త చేతి కింద కూర్చుని తినే ప్రాణి ఆ ఇంట్లో ఇంకొకటి ఉంది. పిల్లి. దాని పేరు కోనాం. పిల్లకూనగా ఉన్నప్పుడు తన ఒంటికంటే పెద్ద కోనాం చేప ముక్కని ఈడ్చుకుపోతూ పట్టుబడింది కాబట్టి ఆ పేరు. కొందరిని పిల్లికి బిచ్చం పెట్టరంటారు. మా అత్త పిల్లికి బిచ్చం కాదు, మూడు పూటలా విందు పెట్టేది. స్టీలు గిన్నెలో, ముళ్ళు తీసి మరీ. దాంతో కోనాంకి పొట్ట నేలకి తగిలేది. పొట్ట పెరిగినకొద్దీ బుద్ధి కూడా పాడయింది. నడిచేవాళ్ళ కాళ్ళ మీదికి దూకి గోళ్ళు దించేది. ఎదురింటి లక్ష్మీనరసమ్మ ఇసకలో పరదా పరిచి నెత్తళ్ళు ఎండబెడితే, ఒక్కొక్క చేపా నోట కరుచుకొచ్చి మా వాకిట్లో పడేసి, మళ్ళీ వెళ్ళేది. తినేది కాదు. అదే ఆవిడకి కడుపుమంట.

"ఒలే తులసీ, సెప్తన్నాను ఇనుకో. ఆకలేసి తింటే ఊరుకుందును. కడుపు నిండిన పిల్లికి నా సేపలెందుకే? మరోపాలి వచ్చినాదంటే గోనెలో కట్టీసి నరసన్నపేట సంతలో వదిలీసొస్తాను."

"ఈపాలికి ఊరుకో పిన్నీ" అనేదాన్ని. తులసి నేనే. ఆ ఇంటి కోడల్ని. మా ఆయన యుగంధర్ గుజరాత్‌లో బోటు మీద పని చేస్తున్నాడు, వానలు పడితే గానీ రాడు. నేను ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతలకి తిరిగేదాన్ని.

ఏప్రిల్ నెల సగంలో ఇంజన్ బోట్లకి వేట ఆపేశారు. ప్రతి వేసవీ ఉన్నదే, చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్లన్నీ ఒడ్డెక్కి పడుకుంటాయి. అప్పుడు మా పేటకి కూరంటే దాలయ్య పెద్దవలే. దాలయ్య మావకి మేనత్త కొడుకు. ఇంజన్ లేని నావ మీద వలని సముద్రంలో గుండ్రంగా వేసుకొచ్చి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి చేరుస్తారు. పేటలో మగవాళ్ళందరూ రెండు జట్లుగా నిలబడి లాగుతారు. పెద్ద చేపలు అమ్మకానికి పోతాయి. చిన్నవాటిలో తాడు పట్టిన ప్రతి చేతికీ కూరకి సరిపడా ఇస్తారు. తాడు పట్టే మనిషి లేని ఇళ్ళు కొన్ని ఉంటాయి కదా, మొగుడు పోయినవి, మంచాన పడినవాళ్ళవి. వాటికి తలో దోసెడూ విడిగా తీసి, గుమ్మంలో పోసి వెళతారు. దాన్ని గుమ్మం కూర అంటాం. ఎవరూ పస్తు పడుకోకూడదని పెద్దలు పెట్టిన మంచి ఆచారం.

ఆ వేసవిలో మొదటి వల లాగిన రోజు నుంచి మా గుమ్మంలోనూ ఒక దోసెడు చేపలు పడ్డాయి. అత్త సంతోషంగా ఎత్తి పులుసు పెట్టింది. మావ తిండి తగ్గిందీ ఆ రోజుల్లోనే. రెంటికీ ముడి ఉందని మాకెవరికీ తట్టలేదు. శ్రీకాకుళం తీసుకెళ్ళి రక్తం తీయించాం, ఫొటోలు తీయించాం. డాక్టరు అన్నీ చూసి జబ్బేమీ లేదమ్మా, బలమైన తిండి పెట్టండి అన్నాడు. పెట్టక ఏం చేస్తున్నాం? అత్త ఇంకా పట్టుదలగా పెట్టింది. మావ ముట్టనిదంతా కోనాం గిన్నెలోకి వెళ్ళింది.

ఇలా ఒకరు ఎండిపోతూ ఒకరు ఊరిపోతూ ఉండగా నా ఆడపడుచు సింధూరి సెలవులకి వచ్చింది. రాజాంలో డిగ్రీ చదువుతోంది. తండ్రిని చూసి గుమ్మంలోనే బ్యాగు వదిలేసింది. ఆ రోజంతా ఆయన పక్కనే మంచం మీద కూర్చుని కాలేజీ కబుర్లు చెప్పింది. ఆయన వింటున్నాడో లేదో తెలియదు. సాయంత్రం పెరట్లో నా దగ్గర ఏడ్చింది.

"నానకి ఏటయిపోతాది వదినా?"

"ఏటీ అవదులే" అన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

మనసు మళ్ళించుకోడానికేమో, ఆ పిల్ల పిల్లి మీద పడింది. సింధూరి చేతిలో ఫోను ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. ఒక మధ్యాహ్నం ఫోను నా మొహం దగ్గర పెట్టింది. అందులో ఎవరిదో పరాయి దేశపు పిల్లి, బొక్కలున్న బంతిని కాలితో దొర్లిస్తోంది. దొర్లినప్పుడల్లా ఒక గింజ రాలుతోంది, అది తింటోంది.

"సూడు వదినా. పిల్లంటే ఏటాడి తినే జీవి. గిన్నెలో పెట్టీసరికి దానికి రోజంతా ఏటి పని? అందుకే మన కాళ్ళనీ, ఎదురింటి సేపల్నీ ఏటాడతన్నాది. తిండి దాసిపెట్టి ఎతుక్కోమనాలంట. పొడుపుకథలాగ."

"మనుసులకే అన్నం కరువు, దీనికి పొడుపుకథలు కూడానా?" అన్నాను. అన్నాను గానీ, లక్ష్మీనరసమ్మ గోనెసంచి గుర్తొచ్చి సరేనన్నాను.

సింధూరి కూల్‌డ్రింకు సీసాకి కాల్చిన ఊచతో బొక్కలు పెట్టింది, లోపల ఎండు రొయ్యలు వేసింది. కోనాం ముందు దొర్లించింది. కోనాం వాసన చూసింది, ఒకసారి కాలితో కొట్టింది. ఏమీ రాలలేదు. ఇందుకా నన్ను పిలిచారు అన్నట్టు మా ఇద్దరినీ, మంచం మీద మావనీ చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ అత్త ఎలాగూ ఉంది. మర్నాడూ అంతే.

"నోరు నేని జీవాన్ని ఏడిపిస్తన్నారేటే?" అని అత్త మండిపడింది. "దాని ఉసురు తగుల్తాది మీకు."

"పిల్లి శాపాలకి ఉట్లు తెగవులేమ్మా" అంది సింధూరి.

అప్పుడు మంచం మీంచి మాట వినబడింది.

"బొక్క పెద్దది సెయ్యి."

మేం ముగ్గురం తిరిగి చూశాం. అడగకుండా ఆయన నోరు విప్పి ఎన్నాళ్ళయిందో.

"మొదల్లోనే అంత సన్న కన్నెడితే ఎవులికైనా ఇసుగొస్తాది" అన్నాడు మావ. "ముందు ముట్టుకుంటే రాలాల. ఇందులో ఉన్నాది, నాకు దొరుకుతాది అని దానికి తెలాల. ఆ తరవాత సన్నం సెయ్యి."

సింధూరి ఊచ మళ్ళీ కాల్చింది. ఈసారి కోనాం కొట్టగానే మూడు నాలుగు రొయ్యలు జలజల రాలాయి. తిని, సీసా వైపు చూసింది. మళ్ళీ కొట్టింది. సింధూరి చప్పట్లు కొట్టి గెంతులేసింది. మావ నవ్వలేదు గానీ, మంచం మీద కొంచెం ముందుకి జరిగాడు.

"ఆ మూలని పాత వల ముక్కుంటాది. అందియ్యి" అన్నాడు.

"నీకెందుకయ్యా ఈ పన్లు? సేతులు పీకుతాయి, కూకో" అంది అత్త. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అత్త మొహం చూడకుండా నేను వెళ్ళి వల ముక్కా, దారపుండా, అల్లే సూదీ తెచ్చి ఆ చేతిలో పెట్టాను.

సాయంత్రానికి చిన్న ఉట్టి తయారైంది. పిల్లికి అందకుండా పాలు దాచుకోడానికి లోకమంతా ఉట్టి కడుతుంది. మా మావ పిల్లికి అందేలా కట్టాడు. మూడు తాళ్ళు, మధ్యలో కొబ్బరి చిప్ప, చుట్టూ పిల్లి చెయ్యి దూరేంత కన్నులున్న వల. వసారా చూరుకి, వాకిట్లో ఇసక మీదికి వేలాడేలా కట్టించాడు. మొదట కోనాం ముక్కు ఎత్తులో. అది నిలబడి, చెయ్యి దూర్చి, చిప్పలో ఎండు చేప ముక్క లాక్కుంది. మర్నాడు ఉట్టి కొంచెం పైకి లేచింది. ఆ మర్నాడు ఇంకొంచెం. వెనక కాళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది, తరవాత ఎగరాల్సి వచ్చింది. ఎగిరేటప్పుడు ఆ పొట్ట ఊగడం చూసి పేటలో పిల్లలందరూ మా వాకిట్లోనే ఉండేవారు. మావ ఉట్టితో ఆగలేదు. కొబ్బరి డొక్కల్లో చేప ముక్క కుక్కి పీచు కట్టేవాడు. ఇసకలో మూడు చిప్పలు బోర్లించి, ఒకదాని కిందే పెట్టేవాడు. కోనాం మూడింటినీ వాసన చూసి, ఆలోచించి, ఒకదాన్ని తన్నేది.

"గిన్నె మాత్రం ఒక్కసారే తీసీకూడదంట" అని సింధూరి ఫోనులో చదివి చెప్పింది. "రోజూ కొంచెం కొంచెం తగ్గించాల. పంతం పట్టి తినడం మానీసిందంటే పిల్లికి ప్రాణం మీదికొస్తాదంట."

ఆ మాటకి అత్త మావ వైపు చూసి, చూపు తిప్పుకుంది.

నెల తిరిగేసరికి కోనాం నడుము కనబడింది. ఎవరి కాళ్ళ మీదికీ దూకడం లేదు, పొద్దంతా పని చేసి హాయిగా నిద్రపోతోంది. లక్ష్మీనరసమ్మ కూడా వచ్చి చూసింది. "నరసన్నపేట తప్పిందే దీనికి" అని, తన నెత్తళ్ళలోంచి గుప్పెడు తీసి మావకిచ్చింది, ఉట్టిలో పెట్టమని.

అంతా బాగానే ఉంది. మావ చేతులు ఆడుతున్నాయి, మాట కూడా కొంచెం వచ్చింది. కంచం దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. చొక్కా ఇంకా జారింది. ఒక రోజు లేచి నిలబడితే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. ఫోనులో యుగంధర్‌కి ఆ సంగతి చెప్పలేకపోయాను. ఈ మనిషి వానలదాకా ఉంటాడా అని నాకు నిజంగా భయం వేసింది.

అప్పుడు నాకొకటి కనబడింది. పొద్దున్నే నేను సంతకి వెళ్ళే ముందు రాగుల చోడంబలిలోకి నా బుట్టలో నెత్తళ్ళు నాలుగు కాల్చి ఇస్తే, మావ అవి తినేవాడు. ఎక్కువ కాదు గానీ తినేవాడు. మధ్యాహ్నం అత్త పచ్చి చేపల పులుసు పెడితే ముద్ద దిగేది కాదు.

ఆ మధ్యాహ్నం నేను వసారాలో కూర్చున్నాను. అత్త లోపల ఉంది. కోనాం ఉట్టి కింద ఇసకలో గుండ్రంగా తిరుగుతోంది. గిన్నెలో అత్త దొంగతనంగా వేసిన చేప ముక్క ఉంటే ముందు అది తినేసి, తరవాత ఉట్టి పనికి పూనుకుంది.

"పిల్లికి పంతాల్లేవు మావా" అన్నాను. "గిన్నెలోదీ తింటాది, ఉట్టిలోదీ తింటాది. నువ్వేటి, ఎండు నెత్తళ్ళు తిని పచ్చి సేప ముట్టవు?"

ఆయన ముడి వేస్తూనే ఉన్నాడు. "ఆ నెత్తళ్ళు నువ్వు మోసి తెచ్చినవి."

"మరియ్యి?"

"ఇయ్యి గుమ్మంలో పోసినవి."

ఇంకొక ముడి వేశాడు.

"మా అయ్యని సముద్రం తీసీసుకున్నప్పుడు నాను గుంటణ్ణి. మా అమ్మకి గుమ్మం కూర పోసీవోరు. అదే తిని పెరిగినాను, తప్పనను. నాను తాడు పట్టిన్రోజున ఎవులో తెలీక మళ్ళీ పోసి ఎల్లిపోనారు. మా అమ్మ ఆ సేపలన్నీ సేటలోకి ఏరి, ఒడ్డుకి మోసుకెళ్ళి, దాలయ్యోళ్ళ అయ్యకి ఎనక్కిచ్చీసినాది. ఇంక పొయ్యకండి బాబూ, మా ఇంట్లో సెయ్యున్నాది అని." దారం కొరికాడు. "అప్పుణ్ణించి ఈ గుమ్మంలో పడనేదు."

నేను లేచి, బుట్ట మూల పెట్టి, ఒడ్డుకి నడిచాను.

దాలయ్య నావ నీడలో వలకి చిరుగులు కుట్టుకుంటున్నాడు.

"మావా, మా గుమ్మంలో కూర ఎవులు పొయ్యమన్నారు?"

"ఇంకెవులు, మీ అత్తే. వచ్చి బతిమాలినాది. ఆడి పేరు ఆ ఇళ్ళల్లో కలపడానికి నాకు మనసొప్పనేదు తల్లీ. అడిగితే కాదంటానా?"

"రేపట్నించి పొయ్యొద్దు."

"మీ అత్త నన్ను బతకనిస్తాదేటి?"

"తులసి వద్దన్నాదని సెప్పు."

దాలయ్య సూది ఆపి సముద్రం వైపు చూశాడు. "ఎడం తాడు కొస సుట్టడానికి మనిషి సాల్డం నేదు. లాగిన తాడు లాగినట్టు ఎనక సుట్టుకోవాల. ఎండిసకలోనే నిలబడాల. కెరటం దగ్గిరికి రానక్కర్నేదు."

"నాకెందుకు సెప్తన్నావు?"

"ఊరికినే."

ఇంటికొచ్చి ఆ మాట నేనూ ఊరికినే చెప్పాను. మావకి కాదు, సింధూరికి. కాకపోతే వసారాలో నిలబడి, కొంచెం గట్టిగా. మొదటి బొక్క పెద్దది పెట్టమన్నది ఆయనే కదా. మావ తల ఎత్తలేదు, ఉట్టి ముడులు సవరిస్తూ ఉండిపోయాడు.

మర్నాడు వల లాగారు, చేపలు పంచారు, మా గుమ్మంలో ఏమీ పడలేదు. అత్త రెండుసార్లు వాకిట్లోకి వచ్చి చూసింది.

"ఏవే, కూర రానేదు?"

"రాదు అత్తా. నానే వద్దన్నాను."

పేటంతా వినేలా అరిచింది. నువ్వెవతివే నా మొగుడి కూర ఆపడానికి అంది. మా పుట్టింటి వాళ్ళని నాలుగు తరాల దాకా తిట్టింది. అంతా అయ్యాక నేను చేట సంగతి చెప్పాను, ఆయన తల్లి చేపలు ఏరి వెనక్కిచ్చిన సంగతి. అత్తకి తెలియదు. ఆవిడ కాపరానికి వచ్చేసరికి అదంతా పాతబడిపోయింది. ఆయన చెప్పేరకం కాదు.

అత్త పొయ్యి ముందు కూలబడింది.

"తెప్ప కింద నించి లాగినప్పుడు ఆ మనిషి కళ్ళు నువ్వు సూసినావేటే?" అంది, అరుపు లేకుండా. "నాను సూసినాను. అందుకే మొక్కినాను. తప్పా?"

"తప్పు కాదత్తా."

"మరేటి సెయ్యమంటావు నన్ను?"

నేను కత్తిపీట ముందేసుకున్నాను. ఆ రోజు ఉల్లిపాయల పులుసు పెట్టుకున్నాం. ఎవరమూ సరిగ్గా తినలేదు.

తెల్లారేసరికి నులక మంచం ఖాళీగా ఉంది.

అత్త కొంగు కూడా దోపుకోకుండా ఒడ్డుకి పరిగెత్తింది. వెనకే నేనూ సింధూరీ. వల అప్పటికే నీళ్ళలో ఉంది. రెండు జట్లూ మోకాళ్ళు వంచి, వెనక్కి వాలి లాగుతున్నారు. ఎడమ జట్టులో ముందువాళ్ళు నడుం లోతు నురగలో ఉన్నారు. ఆ తాడు వెంటే చూపు వెనక్కి తీసుకొస్తే, చిట్టచివర, ఎండిసకలో, మావ. వచ్చిన తాడు వచ్చినట్టు అందుకుని చుట్టలు చుట్టలుగా పేరుస్తున్నాడు. ఒకసారి తూలాడు, కుంటికాలు ఇసకలో ఊని నిలదొక్కుకున్నాడు. పక్కవాడు చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు.

అత్త ఎండబెట్టిన తెప్ప పక్కన ఆగిపోయింది. పిలవలేదు. నేను ఆవిడ చూపు ఎక్కడుందా అని చూశాను. ఆయన మొహం మీద లేదు, చేతుల మీద లేదు. పాదాల మీద ఉంది. పెద్ద కెరటం వచ్చినప్పుడల్లా ఆవిడ ఊపిరి బిగబట్టేది. కెరటం ఎంత పైకి పాకినా ఆయనకి చాలా దూరంలోనే ఇంకిపోయేది. వల సంచి ఒడ్డుకి రాకముందే అత్త వెనక్కి తిరిగింది.

"బేగి రండే. పొయ్యి రాజెయ్యాల" అంది.

మావ పొద్దెక్కాక వచ్చాడు. చేతిలో పీచుకి గుచ్చిన కానాగంత చేపలు. గుమ్మంలో పెట్టలేదు, తిన్నగా లోపలికొచ్చి అత్త చేతికిచ్చాడు. అత్త అవి అందుకుని, ముందు వంగి ఆయన పంచె అంచు పట్టుకుని నలిపి చూసింది. పొడిగా ఉంది.

మధ్యాహ్నం మావ ఎప్పట్లా కంచం ముందు కూర్చున్నాడు. అత్త అన్నం కుండ తెచ్చి మధ్యలో పెట్టింది, తన కంచం ముందు తను కూర్చుంది. వడ్డించలేదు. సింధూరి లేవబోతే నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"కూరేది?" అన్నాడు మావ.

"ఉట్టి మీదున్నాది. లెగిసి దించుకో."

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనతో అలాంటి మాట ఎప్పుడూ అని ఉండదు. మావ ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. నేల మీద చెయ్యి ఊని లేచాడు. కుంటుకుంటూ పొయ్యి పక్క మూలకి వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి, ఉట్టి మీంచి కూర చట్టి దించాడు. తెచ్చి అందరి మధ్యా పెట్టాడు. ముందు అత్త కంచంలో వేశాడు, తరవాత మాకు, తరవాత తనకి. తినడం మొదలుపెట్టాడు. ముళ్ళు తీసి కంచం అంచున పేర్చుకుంటూ, తల వంచుకుని, పని చేసి వచ్చిన మగాడు తిన్నట్టు తిన్నాడు. మేం ముగ్గురం చూడనట్టు చూస్తున్నాం.

"ఇంకొంచెం అన్నవెయ్యి" అన్నాడు.

అత్త సగం లేచింది. మళ్ళీ కూర్చుంది. కుండని ఆయన వైపు తోసింది.

"సేతులున్నాయి కదా. ఏసుకో."

అని పొయ్యి వైపు తిరిగిపోయింది. కొంగుతో మొహం ఎంతసేపు తుడుచుకుందో. నాకూ కళ్ళు మండాయి, పులుసులో కారం మీదికి నెట్టేశాను.

తిన్నాక మావ ఒక చేప తల విడిగా తీసి వసారాలోకి వెళ్ళాడు. కోనాం అప్పటికే ఇసకలో కూర్చుని తోక ఆడిస్తోంది. తలని ఉట్టిలో పెట్టి, తాడు విప్పి, ఉట్టిని ఇంకాస్త పైకి లాగి కడుతున్నాడు. చెయ్యి కడుక్కోడానికి వాకిట్లోకి వచ్చిన అత్త అది చూసింది.

"అంత పైకి కట్టకయ్యా. పడిపోతే?"

"పడితే పడనీయే" అన్నాడు మావ, ముడి బిగిస్తూ. "కింద ఎండిసకే కదా."